బయానాకు ముందు, బయానా తర్వాత

మిర్చి రైతు కోత అయ్యాక రెండుచోట్ల ఆగుతాడు. మొదట కల్లంలో. పచ్చి కాయను బస్తాకెత్తితే బూజు పడుతుందని, రంగు పోతుందని అతనికి తెలుసు. అందుకే రోజూ కాయ తిరగేస్తూ, మబ్బు పట్టినప్పుడు పట్టాలు కప్పుతూ, తాలు ఏరిస్తూ, గలగలమనే దాకా ఎండనిస్తాడు. అక్కడ ఆగిన ప్రతి రోజూ సరుకు విలువ పెరుగుతుంది. రెండోసారి కోల్డ్ స్టోరేజీ దగ్గర ఆగుతాడు. టిక్కీలు లోపలికి వెళ్లాక అతను చేయగల పని ఏమీ ఉండదు. అద్దె నడుస్తుంది, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తుంది, ధర ఎవరి చేతిలోనో ఉంటుంది. 2023లో క్వింటా 20 వేలు దాటిన ధర చూసి ఆశ పెంచుకున్నవాళ్లు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చిన రోజునూ చూశారు. రెండూ ఆగడమే. మొదటి చోట కాలం రైతుకు పనిచేసి పెడుతుంది. రెండోచోట అదే కాలం అతని దగ్గర కూలి వసూలు చేస్తుంది.

ఇల్లు కొనేవాళ్లకూ ఈ రెండు రకాల ఆగడాలు ఎదురవుతాయి. వాటి మధ్య గీత బయానా. బయానా ఇవ్వకముందు ఆగేది కల్లం: కాగితాలు చూస్తాం, హద్దులు కొలుస్తాం, తాలు ఏరతాం. బయానా ఇచ్చాక ఆగేది కోల్డ్ స్టోరేజీ: మన డబ్బు వేరొకరి దగ్గర ఉంటుంది, వడ్డీ మన నెత్తిన ఉంటుంది, పని జరగడం జరగకపోవడం అవతలివాళ్ల వీలును బట్టి ఉంటుంది. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు ప్రాంతాల్లో పత్తి, మిర్చి మీద బతికే కుటుంబాలకు ఓపిక కొత్తగా నేర్పాల్సిన పని లేదు. జూన్‌లో విత్తిన పత్తి కోసం అక్టోబరు దాకా, నారు పోసిన మిర్చి కోసం సంక్రాంతి దాటే దాకా ఆగగలిగిన మనుషులు వాళ్లు. అయినా ఇంటి బేరం దగ్గరికి వచ్చేసరికి ముందు తొందరపడి, తర్వాత ఏళ్ల తరబడి ఆగుతున్నారు. ఈ వరుసను తిరగేయాలి. ముందు ఆగే నెల చౌక, తర్వాత ఆగే నెల ఖరీదు. ఆగక తప్పని చోట, ఆ ఆగడాన్ని వీలైనంత వరకు బయానాకు ఇవతలికే జరుపుకోవాలి.

తొందర ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దాన్ని పట్టుకోవడం తేలిక. క్యూలో నిలబడిన మనిషి మనసు గురించి డేవిడ్ మైస్టర్ అనే ఆచార్యుడు 1985లో ఒక వ్యాసం రాశాడు. చేతిలో పని లేని సమయం ఎక్కువ సేపు అనిపిస్తుందని, ఎప్పుడు ముగుస్తుందో తెలియని నిరీక్షణ గడువు తెలిసినదానికన్నా బరువుగా ఉంటుందని, కారణం చెప్పని ఆలస్యం మరీ బాధిస్తుందని అందులో వివరించాడు. ఇల్లు వెతికే కుటుంబానికి ఈ మూడు బాధలూ ఒకేసారి తగులుతాయి. నాలుగు నెలలుగా ఇళ్లు చూస్తుంటారు, ఏదీ కుదరదు, ఎప్పటికి కుదురుతుందో తెలియదు, అద్దె ఇంటి యజమాని ఖాళీ చేయమంటుంటాడు. అలాంటప్పుడు బయానా ఇచ్చేస్తే గుండె మీది బరువు దిగినట్టవుతుంది. హమ్మయ్య, ఒక పని అయిపోయింది అనుకుంటారు. నిజానికి అప్పుడే అసలు నిరీక్షణ మొదలవుతుంది, అదీ డబ్బు చేజారాక. మనసుకు దొరికే ఆ ఊరట కోసమే చాలామంది ఐదు లక్షలో పది లక్షలో చూడని కాగితాల మీద పెడుతున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బయానాతో మనకు దక్కేదేమిటో చట్టం దాపరికం లేకుండా చెప్పింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం, అమ్ముతానన్న ఒప్పందం దానంతట అదే ఆస్తి మీద ఏ హక్కునూ కల్పించదు. హక్కు వచ్చేది రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే. ఈ రెండింటి మధ్య కాలంలో కొనేవాడికి మిగిలేది అవతలివాళ్ల మాట, మాట తప్పితే కోర్టుకు వెళ్లే దారి. ఇప్పుడు ఖర్చు లెక్క చూడండి. ఐదు లక్షల బయానా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు పది వేలు. ఆరు నెలలు రిజిస్ట్రేషన్ ఆలస్యమైతే అరవై వేలు, దానితోపాటు ఉంటున్న ఇంటి అద్దె. అదే ఆరు వారాలు బయానాకు ముందు ఆగి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, పాత దస్తావేజుల నకళ్లు తెప్పించి, ఒక మంచి వకీలు చేత చదివిస్తే అయ్యేది కొన్ని వేల రూపాయలు. రెండూ ఆగడమే, ఖరీదు వేరు.

అయితే ముందు ఆగడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అనుకోవద్దు. కల్లంలో కాయ తిరగేయకపోతే అడుగున కుళ్లుతుంది. మొదట ఈసీ. 1983 తర్వాతి రిజిస్ట్రేషన్ లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే కనిపిస్తాయి, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఈసీ శుభ్రంగా ఉంటే చాలనుకునేవాళ్లు చాలామంది. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, నోటిమాటగా అయిన పంపకం, రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నలుగుతున్న దావా అందులో కనపడకపోవచ్చు. అందుకే లింకు డాక్యుమెంట్లు వరుసగా చదవాలి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గొలుసు ఎక్కడా తెగకుండా చూసుకోవాలి. ఆ తర్వాత 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల సర్వే నంబర్లు అందులో ఉంటాయి. పేదలకు ఇచ్చిన డి.పట్టా భూమి చేతులు మారడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తర్వాతి సవరణలు అనుమతించిన సందర్భాలు తప్ప, దాన్ని ఎంత పెట్టి కొన్నా హక్కు రాదు. ఊరి అంచున చవగ్గా వస్తోందని చెప్పే స్థలాల దగ్గర ఈ ఒక్క పరిశీలనే ఒక జీవితకాలపు కూడబెట్టును కాపాడవచ్చు.

ఈ ప్రాంతంలో మరో రెండు చిక్కులు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నరసరావుపేట పల్నాడు జిల్లాకు, అద్దంకి, పర్చూరు బాపట్ల జిల్లాకు వెళ్లాయి. పాత దస్తావేజులో ఒక జిల్లా పేరు, కొత్త కాగితంలో ఇంకో జిల్లా పేరు ఉంటాయి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. పాత నంబరుతో ఈసీ తీస్తే ఖాళీగా వచ్చి, ఏ చిక్కూ లేదన్న భ్రమ కలగవచ్చు. రెండు నంబర్లతోనూ తీయండి, రెండింటి విస్తీర్ణం సరిపోల్చండి, చివరికి టేపు పట్టుకుని స్థలం మీదికి వెళ్లి హద్దులు కొలవండి. కాగితం మీద ఆరు సెంట్లు నేల మీద ఐదున్నరగా తేలితే, దాని గురించి మాట్లాడుకోవాల్సింది బయానాకు ముందే.

అన్నింటికన్నా ఎక్కువ ఆలస్యం సంతకాల దగ్గర జరుగుతుంది. అమ్మేవారికి ఆస్తి తండ్రి తాతల నుంచి వచ్చి ఉంటే, ఇంటి ఆడపడుచుల వాటా సంగతి తేలాలి. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణే ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "మా చెల్లెలికి కట్నం ఇచ్చి పంపాం, ఆమె అడగదు" అన్న మాట మీద ఇల్లు కొనకూడదు. ఆ చెల్లెలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించి పంపాలి, అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. దీనికి రెండు నెలలు పడుతుందంటే ఆ రెండు నెలలూ మీ డబ్బు మీ దగ్గరే ఉండాలి. ఆమెను ఒప్పించే పని అమ్మేవారిది. మీరు బయానా ఇచ్చేస్తే, తమకు డబ్బు ముట్టిందన్న ధీమాతో వాళ్లు నిదానిస్తారు, ఫోన్లు చేసే పని మీ మెడకు చుట్టుకుంటుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లే అన్నీ చూస్తారు కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే లావాదేవీని నమోదు చేయడమే, అమ్మేవారికి నిజంగా హక్కు ఉందని ప్రభుత్వం ఇచ్చే హామీ కాదు. అలాంటి హామీ వైపు వెళ్లాలని తెచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం పెద్ద వివాదమై 2024లో రద్దయింది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. దాన్నుంచి కొనేవాడు గ్రహించాల్సింది మాత్రం ఒకటుంది: హక్కు సరిచూసుకునే బాధ్యత ఈ రోజుకీ కొనేవాడిదే.

ఇక అభ్యంతరాలకు వద్దాం. ఇలా ఆగుతూ కూర్చుంటే ఇల్లు ఇంకొకరు ఎగరేసుకుపోతారు, ధర పెరిగిపోతుంది అంటారు. కొన్నిసార్లు అది నిజమే. ఒక మంచి ఇల్లు చేజారవచ్చు, ఆ బాధ చిన్నది కాదు. కానీ 2014లో రాజధాని ప్రకటన వచ్చాక తుళ్లూరు, మంగళగిరి, గుంటూరు చుట్టూ ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రేపటికి ధర పెరుగుతుందన్న భయంతో అప్పులు చేసి స్థలాలు కొన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక కొనేవాడు లేక ఏళ్ల తరబడి వడ్డీలు కట్టారు. ధర పెరుగుతుందని చెప్పేవాడికి మీ వడ్డీలో భాగం ఉండదు. ఇల్లు చేజారిపోతుందన్న భయం మరీ ఎక్కువగా ఉంటే మధ్యేమార్గం ఉంది. చిన్న మొత్తం టోకెన్‌గా బ్యాంకు ద్వారా ఇచ్చి, కాగితాలు చూడటానికి నెల రోజుల గడువు, లోపం తేలితే టోకెన్ వాపసు అని రెండు వాక్యాలు రాయించుకోవచ్చు. దానికీ ఒప్పుకోని అమ్మకందారు ఆ కాగితాల గురించి మీకేదో చెప్తున్నట్టే.

ఇంకో అభ్యంతరం ఈ నేలకు సొంతం, నేను చాలా బరువైనదిగా చూస్తాను. పంట డబ్బు చేతిలో నిలవదు అంటారు. పత్తి డబ్బు డిసెంబరులో, మిర్చి డబ్బు మార్చి ఏప్రిల్‌లో వస్తుంది. వచ్చిన వారంలోనే ఎరువుల కొట్టు బాకీ, కౌలు, బంధువుల పెళ్లి, ఎవరికో చేబదులు అంటూ కరిగిపోతుంది. బయానాగా ఇచ్చేస్తే కనీసం ఇంటి పేరు మీద ఉంటుందన్న వాదనలో నిజం ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఊడ్చేసిన సంగతి చూసినవాళ్లకు వచ్చే ఏడాది డబ్బు మీద నమ్మకం లేకపోవడం సహజం. కానీ డబ్బు చెదిరిపోకుండా కట్టేయడానికి అమ్మేవారి జేబు ఒక్కటే చోటు కాదు. భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద ఆరు నెలల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే చేబదులు అడిగినవారికి చెప్పడానికి ఒక మాట ఉంటుంది, వడ్డీ ఎదురు వస్తుంది. పైగా బ్యాంకు లోను తీసుకున్నా సొంత డబ్బు చాలా కావాలి. యాభై లక్షల ఇంటికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లోను ఇంటి విలువలో 80 శాతం, అంటే నలభై లక్షలు దాటదు. మిగతా పది లక్షలు మీవే. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం చొప్పున 3.75 లక్షలు ఆ పైన. ఈ 3.75 లక్షలు పక్కన పెట్టుకోక, బయానాలో అంతా పోసేసి, చివర్లో రిజిస్ట్రేషన్ వాయిదా వేసుకునే కుటుంబాలది వాళ్లకు వాళ్లే తెచ్చిపెట్టుకున్న ఆలస్యం.

తెలిసినవాళ్ల దగ్గర కాగితాలు అడిగితే అవమానంగా భావిస్తారన్నది మరో మాట. మన ఊళ్లలో మాటకు విలువ ఉంది, ఉండాలి. అందుకే అడిగే భారాన్ని బ్యాంకు మీద పెట్టండి. "మామయ్యా, లోను పెడుతున్నాం, బ్యాంకు వకీలు అడుగుతున్నారు" అంటే నొచ్చుకోవడానికి ఏమీ ఉండదు. పూర్తి డబ్బు చేతిలో ఉన్నవాళ్లు కూడా సొంత వకీలు అభిప్రాయం అడిగారని చెప్పవచ్చు. బంధుత్వం చెడేది కాగితం అడిగిన రోజున కాదు. రెండేళ్ల తర్వాత కోర్టు నోటీసు అందిన రోజున చెడుతుంది.

ముహూర్తాల సంగతి గౌరవంతోనే చెప్తున్నాను. ఆషాఢం, మూఢం రోజుల్లో బయానా ఇవ్వని ఆచారం ఈ ఓపికకు మిత్రుడు. ఆ నెల రోజులూ ఆఫీసులు తెరిచే ఉంటాయి, బేరగాళ్ల ఒత్తిడి తగ్గుతుంది. నకళ్లు తెప్పించుకోవడానికి, కొలతలు వేయించడానికి అంతకన్నా మంచి కాలం లేదు.

అన్నీ చూసుకుని బయానా ఇచ్చే రోజు వచ్చాక కూడా, మిగిలిన నిరీక్షణకు హద్దులు గీయాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి అడ్వాన్సుగా ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు ఉన్న రైతులకు కూడా బ్యాంకు ఎంట్రీ వంటి సాక్ష్యం మరొకటి దొరకదు. అగ్రిమెంటును రిజిస్టర్ చేయించండి. అప్పుడది ఈసీలో కనపడుతుంది, అదే ఇల్లు ఇంకొకరికి చాటుగా అమ్మడం కష్టమవుతుంది. గడువు తేదీ రాయించండి. ఆ తేదీ దాటిన మూడేళ్లలోపే దావా వేయాలన్న పరిమితి ఉంది, పైగా మిగతా డబ్బుతో మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నామని కొనేవాడే నిరూపించుకోవాలి. "చూద్దాంలే, మనవాళ్లే కదా" అంటూ నాలుగేళ్లు గడిపినవాడికి చట్టం కూడా పెద్దగా సాయపడలేదు.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొనేవారికి ఈ సలహా పూర్తిగా సరిపోదు అనవచ్చు. ఒప్పుకుంటాను. అక్కడ ఇల్లే ఇంకా లేదు కాబట్టి డబ్బు ఇచ్చాక ఆగక తప్పదు. కల్లానికీ కోల్డ్ స్టోరేజీకీ ఉన్న తేడా అక్కడ కూడా పనికొస్తుంది. డబ్బు పని వెనక నడవాలి, పనికి ముందు పరుగెత్తకూడదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఉద్దేశం ఇదే. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదంది. వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలంది. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి తీసుకునే హక్కునో, ఇల్లే కావాలనుకుంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ పొందే హక్కునో ఇచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల చిల్లర, దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన పట్టణాల సందుల్లో లేచే అపార్ట్‌మెంట్లలో చాలా వాటి పరిమాణం అంతే. అక్కడ పునాది, శ్లాబులు, గోడలు అంటూ దశలవారీగా చెల్లింపును మీరే రాయించుకోవాలి. బ్యాంకు లోను అయితే పని జరిగిన మేరకే విడుదల చేయాలని 2013లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మొత్తం ముందే ఇప్పించమని బిల్డరు ఎంత బతిమాలినా వినకండి.

పేరు చూసి నమ్మడం ఎంతవరకు పనికొస్తుందో చెప్పడానికి మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. అమరావతిలోని నేలపాడు దగ్గర రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) తలపెట్టిన హ్యాపీనెస్ట్‌లో 12 టవర్లు, 1,200 ఫ్లాట్లు. 2018 నవంబరులో ఆన్‌లైన్ బుకింగ్ తెరిస్తే మొదటి విడత గంటల్లో అయిపోయింది. కట్టించేది ప్రభుత్వ సంస్థ, అంతకన్నా భరోసా ఏముంటుంది అనుకున్నారు. 2019లో ప్రభుత్వం మారాక పని ఆగింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాకే కదలిక వచ్చింది. కొన్నవాళ్లు తప్పు చేశారని నేను అనడం లేదు, అందుబాటులో ఉన్న సమాచారంతో మంచి నిర్ణయమే తీసుకున్నారు. వాళ్లలో ముందే మొత్తం కట్టేసినవారు ఉండి ఉంటే ఎంత నలిగేవారో ఆలోచించండి. ధరలో కొంత భాగమే కట్టి ఉండటం వల్ల, డబ్బు వెనక్కి అడగాలా, ఉండిపోవాలా అని ఆలోచించుకునే వీలు మిగిలింది.

ఆ ఆలోచనే అన్నింటికన్నా కష్టం: ఎప్పుడు ఆగడం మానాలి? ఇప్పటికే ఇంత పెట్టాం, రెండేళ్లు ఆగాం, ఇప్పుడు వదిలేస్తే ఎలా అనిపిస్తుంది. పురుగు తినేసిన చేనుకు మరో మందు కొట్టాలా, దున్నేసి శనగ వేయాలా అని రైతు ఆలోచించేటప్పుడు పెట్టిన ఖర్చును పక్కన పెట్టి, మిగిలిన కాలాన్ని చూస్తాడు. ఇంటి దగ్గర కూడా అదే చూపు కావాలి. ఉద్రేకంలో ఆ నిర్ణయం కుదరదు కాబట్టి, డబ్బు ఇచ్చే రోజునే భార్యాభర్తలు కూర్చుని ఒక తేదీ అనుకోండి, క్యాలెండర్ మీద రాయండి. ఆ తేదీ దాకా రోజూ దాని గురించి తగవులాడుకోకండి, పరదాలు, మంచాలు కొనకండి, పిల్లల బడి మార్చకండి. ఆ తేదీ రాగానే మాత్రం వకీలు దగ్గరికి వెళ్లండి.

ఈ వారంలో బయానా ఇవ్వబోతున్నవారికి నా విన్నపం ఇది. మధ్యవర్తి తెచ్చే అగ్రిమెంటులో ఎవరు, ఏ కాగితం, ఏ తేదీలోపు ఇవ్వాలో, ఇవ్వకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో రాసి ఉందా చూడండి. ఆ వాక్యం లేకపోతే సంతకం పెట్టకండి, ఇంటికి వచ్చేయండి.